రెక్క మీద మంచు పేరుకుంటే...

ప్రశ్న: మొన్నటి వానల్లో హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కు ఏటీఆర్ విమానంలో వెళ్తుంటే, మంచు తొలగించే సిస్టంలో లోపం వచ్చిందని, కిందికి దిగుతున్నామని కెప్టెన్ చెప్పారు. కాసేపటికి నా పక్క గోడకు దబదబా ఏదో తగిలింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నిజంగా అంత ప్రమాదమా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ కెప్టెన్ సరిగ్గా చేయాల్సిన పనే చేశారమ్మా. నేను ఏటీఆర్‌లు నడిపి రిటైరైనవాణ్ని. అదే దారిలో ఓ రాత్రి నాకూ ఇలాగే జరిగింది.

ఎక్కేటప్పుడు రెక్క ముందంచున నల్లటి రబ్బరు పట్టీ చూసే ఉంటారు. దాన్ని బూట్ అంటాం. ఇంజిన్ నుంచి వచ్చే గాలితో అది ఉబ్బి, మళ్లీ అణిగి, పైన పేరుకున్న మంచును పగలగొడుతుంది. ప్రొపెల్లర్లకు, ముందు అద్దాలకు కరెంటు వేడి ఉంటుంది. మబ్బుల్లో నీటి చుక్కలు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా నీరుగానే ఉండగలవు. రెక్క తగిలిందా, అక్కడికక్కడే గడ్డకడతాయి. బరువు సంగతి తర్వాత, రెక్క ఆకారం చెడిపోతుంది. అసలు ముప్పు అదే.

ఆ రాత్రి 19 వేల అడుగుల్లో టింగుమని ఒక్క గంట మోగి, బూట్ల ఫాల్ట్ లైటు వెలిగింది. మంచు పట్టిందో లేదో తెలియడానికి ఎడమ కిటికీ బయట చిన్న కొమ్ములాంటిది ఉంటుంది. చూస్తే దాని మీద కొబ్బరి కోరు అద్దినట్టు తెల్లగా, గరుగ్గా మంచు. స్పీడు అప్పటికే మెల్లమెల్లగా పడిపోతోంది.

ఇలాంటప్పుడు స్విచ్‌లతో కుస్తీ పడుతూ అక్కడే ఉండకూడదు. మంచులో ఎగరడానికి పెట్టిన కనీస స్పీడు కంటే తగ్గనివ్వకూడదు. అది నిలవకపోతే ఎత్తు వదులుకోవాలి. కంట్రోలర్‌కు చెప్పి 13 వేలకు దిగాం. తూర్పు కనుమల్లో ఎంత ఎత్తైన కొండైనా ఆరు వేల అడుగులు దాటదు, కాబట్టి వెచ్చటి గాలిలోకి దిగడానికి మనకు బోలెడు చోటుంది.

2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లోని విన్యేదూలో ఏటీఆర్ 72 కూలి 62 మంది పోయారు. సిబ్బంది డీ-ఐసింగ్ (మంచు తొలగించే సిస్టం) లోపం గురించి మాట్లాడుకున్నారని, స్పీడు తగ్గుతోందన్న హెచ్చరికలు మోగాయని ప్రాథమిక నివేదికలో ఉంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక ఆ దబదబ చప్పుడు. ప్రొపెల్లర్ మీది మంచు ఊడి, విసురుగా వచ్చి గోడకు తగులుతుంది. అందుకే ఆ చోట గోడకు అదనంగా పలక బిగిస్తారు. ఈసారి ఎక్కేటప్పుడు ప్రొపెల్లర్‌కు ఎదురుగా చూడండి, కనిపిస్తుంది.