భూమి అమ్మాక చేబదుళ్లు

ప్రశ్న: నగరం అంచున తాతల నాటి ఎకరం పది గుంటలు అమ్మాం. కారు కొన్నాం, ఇల్లు మొదలుపెట్టాం. ‘డబ్బు నెత్తికెక్కింది’ అంటున్నారు. అంటూనే చేబదుళ్లకు వస్తున్నారు. ఇవ్వకపోతే పొగరంటారు, ఇస్తే తిరిగి రాదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, రంగారెడ్డి జిల్లా

జవాబు: ‘అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట’ అనేది ఎక్కువగా ముందు నుంచీ ఉన్నవాళ్ల నోటి మాట. వాళ్ల తాత కొన్న కారు సంగతి ఎవరూ అడగరు. అనేవాళ్లను అననివ్వండి.

ముందు ఆ డబ్బులో మీది ఎంతో తేల్చుకోండి. పిత్రార్జితమైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం ఆడపడుచులకూ కొడుకులతో సమాన వాటా. కొనేవాళ్లు వాళ్ల సంతకాలు తీసుకున్నారని వాటా ముట్టినట్టు కాదు. ఊళ్లో చెడ్డ పేరు తరచూ ఇక్కడే మొదలవుతుంది, కారు దగ్గర కాదు. ఇక పన్ను: భూమి మున్సిపాలిటీ పరిధిలో గానీ, పది లక్షలు దాటిన జనాభా ఉన్న పట్టణం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు గానీ ఉంటే లాభంపై పన్ను ఉంటుంది. దూరం రోడ్డు మీద కాదు, నేరుగా గీత గీసి కొలుస్తారు. అమ్మకానికి ముందు రెండేళ్లు సాగులో ఉండి, రెండేళ్లలో వేరే సాగుభూమి కొంటే, దానికి పెట్టినంత మేరకు మినహాయింపు. ఇల్లు పూర్తిచేసేలోపే ఆడిటర్‌ను కలవండి.

మిగిలింది దంపతులిద్దరి పేరిట ఎఫ్‌డీ వేయండి. ఫారంలో ‘ఎవరైనా ఒకరు’ కాకుండా ‘ఇద్దరూ కలిసి’ అన్నది ఎంచుకోండి. ‘ఆయన సంతకం కూడా కావాలి వదినా’ అన్నప్పుడు అది సాకు కాదు, నిజం.

ఇవ్వక తప్పని చోట, పోయినా పర్వాలేదనుకునే మొత్తమే ఇవ్వండి. ఖాతా నుంచి ఖాతాకే పంపండి. 20 వేలు, ఆపైన నగదుగా అప్పు తీసుకుంటే తీసుకున్నవాళ్లకే అంత జరిమానా పడే వీలుంది. ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా చేయించండి. స్టాంపు లేని నోటు కోర్టులో చెల్లదు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లకు కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దావా వేసినా నిలవదు. ఆలోపు కొంత తీర్చి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ చెల్లు పండక్కి వచ్చినప్పుడు రాయించుకోవచ్చులే అనుకోకండి, డబ్బు అందినప్పుడే రాయించుకోండి.