ఏఐ నాడ్యూల్ అంటోంది, డాక్టరు ఏమీ లేదంటున్నారు. ఎవరిని నమ్మాలి?

మీ నాన్నగారి ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం మీద ఏఐ సాఫ్ట్‌వేర్ బాక్స్ గీసి "నాడ్యూల్, 0.71" (నాడ్యూల్ అంటే ఊపిరితిత్తిలో చిన్న గుండ్రటి గడ్డలాంటి మచ్చ) అని చూపించిందని, రేడియాలజిస్టు, అంటే ఎక్స్‌రేలు చూసి రిపోర్టు రాసే డాక్టరు, మాత్రం ఏమీ లేదని రాసిచ్చారని అడిగారు. నేనూ రేడియాలజిస్టునే. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టుకునే రోజూ ఫిల్ములు చూస్తుంటాను. ఆ ఎక్స్‌రే చూడకుండా అందులో ఏముందో చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఆ రెండు మాటలూ ఎందుకు కలవలేదో చెప్పగలను.

ముందు ఆ 0.71 సంగతి. జబ్బు ఉండే అవకాశం 71 శాతం అని మీరు అనుకుని ఉంటారు, అందరూ అలాగే అనుకుంటారు. అది అలాంటి లెక్క కాదు. సాఫ్ట్‌వేర్‌కి నేర్పిన ఫిల్ముల్లో నాడ్యూల్స్ ఎలా ఉన్నాయో, ఈ మచ్చ వాటికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే స్కోరు మాత్రమే. తయారుచేసినవాళ్లు ఒక హద్దు పెడతారు, స్కోరు దాటితే బాక్స్ పడుతుంది. హద్దు తగ్గిస్తే అసలు జబ్బులు ఎక్కువ దొరుకుతాయి, వాటితోపాటు ఉత్తుత్తి బాక్సులూ పెరుగుతాయి.

చిన్న లెక్క వేసి చూడండి. 1000 మందిలో 10 మందికి నిజంగా జబ్బు ఉందనుకుందాం. సాఫ్ట్‌వేర్ జబ్బున్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతానికి లేదనే చెబుతుంది. వినడానికి బాగానే ఉంది కదా. జబ్బున్న 10 మందిలో 9 మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో మాత్రం 99 మందికి ఊరికే బాక్స్ పడుతుంది. అంటే బాక్స్ పడిన 108 మందిలో అసలు జబ్బు ఉన్నది 9 మందికే.

కింది భాగంలో గుండ్రటి మచ్చ అనగానే నాకు మొదట అనుమానం వచ్చేది చనుమొన నీడ మీద. నవ్వకండి, సాఫ్ట్‌వేర్లు దాన్ని నాడ్యూల్ అనడం నేను చాలాసార్లు చూశాను. అలాంటిది కనిపిస్తే రెండోవైపు అదే ఎత్తులో ఇంకోటి ఉందేమో చూస్తాం. చనుమొన నీడకు చాలాసార్లు ఒక అంచు తీరుగా ఉండి, రెండో అంచు మసకలో కలిసిపోతుంది. అప్పటికీ తేలకపోతే చనుమొన మీద చిన్న లోహపు గుర్తు అంటించి మళ్లీ ఎక్స్‌రే తీయిస్తాం. గుర్తు, మచ్చ ఒకే చోట పడితే ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు.

అలాగని బాక్స్ పడ్డ ప్రతిసారీ కొట్టిపారేసే రకాన్ని కాదు నేను. ఒక రాత్రి డ్యూటీలో ఫిల్ములు పేరుకుపోయి ఉన్నప్పుడు, వరసలో ఎక్కడో అడుగున ఉన్న ఒకదాన్ని సాఫ్ట్‌వేర్ పైకి తెచ్చి పెట్టింది. ఊపిరితిత్తి పైకొనలో వెంట్రుకంత సన్నటి గీత, దాని అవతల రక్తనాళాల జాడే లేదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని అర్థం. రిపోర్టు రాయడానికి ముందే వార్డుకి ఫోన్ చేశాను. దాని వంతు వచ్చేదాకా ఆగి ఉంటే చాలా ఆలస్యమయ్యేది.

స్వీడన్‌లో 80,000 మందికి పైగా మహిళల మామోగ్రామ్‌లతో (రొమ్ము ఎక్స్‌రేలతో) జరిగిన మాసాయ్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. ఏఐ సాయం తీసుకున్నవైపు ప్రతి 1000 మందికి సుమారు 6 క్యాన్సర్లు దొరికితే, మామూలుగా ఇద్దరు డాక్టర్లు చూసినవైపు 5 దొరికాయి. ఫిల్ములు చూసే పని 44 శాతం తగ్గింది. ఒక్క సంగతి గమనించండి, అక్కడ ఏఐవైపు కూడా చివరి మాట రేడియాలజిస్టుదే.

ఇంకోవైపు 2018లో ఒక అధ్యయనం న్యుమోనియా పట్టే ప్రోగ్రామ్‌ని విప్పి చూసింది. అది ఊపిరితిత్తిని చూడడంతో ఆగకుండా, ఫిల్ము మూలన టెక్నీషియన్ పెట్టే లోహపు అక్షరాన్ని బట్టి అది ఏ ఆసుపత్రిదో కూడా కనిపెడుతోంది. న్యుమోనియా కేసులు ఎక్కువ వచ్చే ఆసుపత్రి అయితే అటే మొగ్గుతోంది. (ఇక రేడియాలజిస్టుల్ని తయారుచేయడం ఆపేయండి, ఐదేళ్లలో ఏఐ వాళ్లకంటే బాగా చూస్తుంది అని ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లో అన్నారు. నా టేబుల్ మీద ఫిల్ములైతే తగ్గలేదు.)

మీరు చేయాల్సింది ఏమిటంటే, రిపోర్టు రాసినాయన ఆ బాక్స్‌ని చూసే రాశారా లేదా అని నేరుగా అడగండి. చూసుంటే, అది నాడ్యూల్ కాదని ఎందుకనుకున్నారో రిపోర్టులో ఒక ముక్క చేర్చమనండి, అందులో మొహమాటం ఏమీ లేదు. నాన్నగారి పాత ఎక్స్‌రేలు ఎంత పాతవైనా సరే వెతికి ఇవ్వండి. ఆ మచ్చ ఏళ్ల తరబడి అదే సైజులో ఉంటే మాకు చాలా ధైర్యం. చాలా సాఫ్ట్‌వేర్లు ముందున్న ఒక్క ఫిల్మునే చూస్తాయి, పాతదాంతో పోల్చవు. సిగరెట్ అలవాటు, దగ్గులో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అలాంటివి ఏవైనా ఉన్నా, పాత ఫిల్ములో లేని మచ్చ ఇప్పుడు కనిపించినా, ఎక్స్‌రే మీద వాదించుకుంటూ కూర్చోకుండా సీటీ స్కాన్ తీయించమని అడగండి.