గరాజ్‌లో మిగిలిపోయిన రెండేళ్ల నాటి బీర్ కిట్ వాడొచ్చా? - సమాధానం

అన్నా, డాలస్‌లో గరాజ్‌లో రెండేళ్లు పడున్న, ఇంట్లో బీర్ చేసుకునే కిట్ పారేయాలా అన్నావు కదా, ఆగు, ముందు ఒక్కోటీ చూడు. మాల్ట్ గింజలు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నాలుగు నోట్లో వేసుకుని నములు, కరకరలాడి తియ్యగా ఉంటే ఓకే, మెత్తబడి పాత అట్టపెట్టె రుచి వస్తే వదిలేయ్, మర పట్టించిందైతే ఇంకా తొందరగా పోద్ది. హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) ప్యాకెట్ విప్పగానే చీజ్ కంపు కొట్టిందా, ఇక డస్ట్‌బిన్‌కే. వాసన బానే ఉన్నా హాప్స్‌లో చేదునిచ్చే ఆల్ఫా యాసిడ్స్ తగ్గి చేదు పలచబడుద్ది, కొంచెం ఎక్కువెయ్. బీర్‌ని పులియబెట్టే ఈస్ట్‌తో మాత్రం రిస్క్ వద్దు, టెక్సస్ ఎండకి ఎప్పుడో చచ్చుంటది, కొత్త ప్యాకెట్ కొనేయ్. నేనోసారి పిసినారితనానికి పోయి పాతదే వేసి మూడ్రోజులు ఎయిర్‌లాక్ (పులిసేటప్పుడు గ్యాస్ బుడగలుగా బయటికెళ్లే మూత గొట్టం) వంక చూస్తూ కూర్చున్నా, ఒక్క బుడగ రాలా, 5 గ్యాలన్లూ సింక్‌లో పోశా.