రీడ్రాలో ఉన్నది ఖాళీ డబ్బు కాదండి

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి ఒకాయన రాశారు. మైనింగ్ కంపెనీలో ఉద్యోగం, భార్యది పార్ట్‌టైమ్, ఇద్దరు పిల్లలు. తనతో పనిచేసిన నూంగార్ (అక్కడి ఒక ఆదివాసీ జాతి) ఫ్రెండ్ రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న పిల్బరా గనుల ప్రాంతంలో మైన్ క్యాంపుల క్లీనింగ్ బిజినెస్ పెడుతున్నాడు, 51 శాతం ఆయనది, 49 ఈయనది. ఈయన వాటాకి హోమ్ లోన్ రీడ్రా (వాయిదాకి మించి కట్టి, కావాలంటే వెనక్కి తీసుకోగల డబ్బు) నుంచి 70 వేల డాలర్లు, పైన 25 వేలు పర్సనల్ లోన్. "అబోరిజినల్ (ఆదివాసీల) కంపెనీలకి కాంట్రాక్టులు ఇవ్వాలని రూలే ఉంది కదా, మాది దాదాపు ఓకే అయింది, ముందుకెళ్ళమంటారా?" అని ప్రశ్న.

ఇలాంటివి ఈమధ్య ఎక్కువయ్యాయి కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నా. దాదాపు ఓకే అంటే ఏంటండీ? సంతకం అయిందా లేదా? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్పుడే వ్యాన్ ఏది కొనాలో కూడా అడిగారు.

మీరన్న రూల్ 2015 జూలైలో వచ్చిన ఫెడరల్ ప్రొక్యూర్‌మెంట్ (ప్రభుత్వ కొనుగోళ్ళ) పాలసీ. అది ప్రభుత్వ శాఖలకి, మైన్ క్యాంపు ప్రైవేటు వాళ్ళది. మైనింగ్ కంపెనీలకి ట్రెడిషనల్ ఓనర్లతో, అంటే ఆ నేల తరతరాలుగా తమదైన ఆదివాసీలతో, వేరే ఒప్పందాలుంటాయి, చాలావాటిలో ముందు ఛాన్స్ ఆ నేల వాళ్ళ బిజినెస్‌లకే. మీ ఫ్రెండ్ వాళ్ళ నూంగార్ నేల నైరుతి వైపు, పిల్బరా కాదు. ఈ విషయం మీ ఫ్రెండ్‌కి తెలిసే ఉంటుంది, మీరు అడిగారా?

ఇక అసలు తప్పు. మీ నెల ఖర్చు 7,500, ఇంటి వాయిదాతో కలిపి. సేవింగ్స్‌లో ఉన్నది 4 వేలు. అంటే ఆ రీడ్రాలో ఉన్న 70 వేలే మీ ఎమర్జెన్సీ ఫండ్, వేరే ఏమీ లేదు! ఆరు నెలల ఖర్చు 45 వేలు పక్కన పెడితే మీరు ముట్టుకోగలిగింది 25 వేలు, అంతకు మించి ఒక్క డాలర్ కూడా కాదు. ఆ 45 వేలు ఆఫ్‌సెట్ అకౌంట్‌లోకి (హోమ్ లోన్‌కి జతగా ఉండి వడ్డీ తగ్గించే మీ సొంత ఖాతా) మార్చండి, ఎందుకంటే రీడ్రా మీద బ్యాంకు ఎప్పుడైనా షరతులు మార్చొచ్చు, ఉద్యోగం పోయిన నెలలోనే ఆ సంగతి తెలిస్తే ఏం చేస్తారు.

కాంట్రాక్ట్ నిజంగా వచ్చిందే అనుకుందాం. నలుగురు వర్కర్లు, రెండు వారాలకి తలా 2,600 చొప్పున 10,400, మీద 12 శాతం సూపర్ (వర్కర్ల రిటైర్‌మెంట్ ఫండ్‌కి యజమాని కట్టేది), మొత్తం 11,650 దాకా. మీరు నెలాఖరుకి ఇన్‌వాయిస్ పంపుతారు, మెయిన్ కాంట్రాక్టర్ ఇంకో 30 రోజులకి ఇస్తాడు, అదీ బుద్ధిగా ఇస్తే. ఈలోపు నాలుగుసార్లు జీతాలు, అంటే 46 వేల పైనే మీ జేబులోంచే. వ్యాన్, వర్కర్స్ కంప్, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సులు ఇందులో లేవు. 2026 జూలై 1 నుంచి సూపర్ కూడా జీతం ఇచ్చిన ఏడు వర్కింగ్ డేస్‌లో కట్టాలి, క్వార్టర్ దాకా లాగడానికి లేదు. అందుకే బిజినెస్‌కి కూడా సొంత ఎమర్జెన్సీ ఫండ్ కావాలంటాను, ఇంటిదీ దాందీ కలపకూడదు. పర్సనల్ లోన్‌తో జీతాలివ్వడం అనే ఆలోచనే వద్దు, దాని గురించి చర్చ కూడా అనవసరం.

ఫ్రెండ్‌ది తప్పని నేననట్లేదు. నేటివ్ టైటిల్ (ఆదివాసీల సంప్రదాయ హక్కుగా చట్టం గుర్తించిన) భూమి ఉన్నా దాన్ని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, పైగా వాళ్ళ ముందు తరాల జీతాలు చాలాచోట్ల ప్రభుత్వాలే పట్టేసుకున్నాయి (క్వీన్స్‌లాండ్ 2019లో ఆ కేసులో 190 మిలియన్ డాలర్లకి సెటిల్ అయింది), కాబట్టి పెట్టుబడికి తాతలిచ్చిన ఇల్లు లాంటిది ఉండదు. అందుకే తాకట్టు మొత్తం మీ ఇంటి మీద పడుతోంది. కానీ ఆయనకి ఉన్న దారి మీకు లేదు: ఆదివాసీల వ్యాపారాలకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఇండిజినస్ బిజినెస్ ఆస్ట్రేలియా. వాళ్ళ స్టార్టప్ ఫైనాన్స్‌లో కొంత భాగం తిరిగి కట్టక్కర్లేని గ్రాంటే. ముందు ఆయన్ని అక్కడికి వెళ్ళమనండి, వర్క్‌షాపులు కూడా పెడతారు. మెనీ రివర్స్ అని చిన్న లోన్లిచ్చే సంస్థ కూడా ఉంది, చూడండి.

ఇంకోటి. మీ మెయిల్‌లో "పేరు ఆయనది, నడిపేది నేనే" అని రాశారు. ఇలా ఆదివాసీ పేరు ముందు పెట్టి వేరేవాళ్ళు నడపడాన్ని అక్కడ బ్లాక్ క్లాడింగ్ అంటారు, బయటపడితే సప్లై నేషన్ (ఆదివాసీ కంపెనీల జాబితా నడిపే సంస్థ) రిజిస్ట్రేషన్ పోతుంది, దానితోపాటే కాంట్రాక్టులూ. 51 శాతం కాగితం మీద ఉంటే సరిపోదు, నిర్ణయాలు ఆయనవే అవ్వాలి. అది మీకు ఇష్టం లేకపోతే పార్ట్‌నర్ అవ్వకండి, వీకెండ్‌లో అకౌంట్స్ చూసిపెట్టి ఫీజు తీసుకోండి.

డైరెక్టర్ అయ్యే పనైతే ఇది గుర్తుంచుకోండి, వర్కర్ల జీతాల్లో పట్టుకున్న ట్యాక్స్, సూపర్, జీఎస్టీ కంపెనీ కట్టకపోతే ట్యాక్స్ ఆఫీసు పెనాల్టీ నోటీసు మీ పేరు మీదే పంపగలదు, లిమిటెడ్ కంపెనీ అనే ధైర్యం అక్కడ పనిచేయదు. మీకు ఇన్‌కమ్ ప్రొటెక్షన్ (జబ్బు చేసి పని ఆగితే ఆదాయం ఇచ్చే ఇన్సూరెన్స్) ఉందో లేదో కూడా మెయిల్‌లో లేదు. సూపర్ అకౌంట్‌లో చూసి, సంతకం అయిన కాంట్రాక్ట్ కాపీతో మళ్ళీ రాయండి, పేమెంట్ టర్మ్స్ ఉన్న పేజీ తప్పకుండా పెట్టండి.