గాజులు దొరికాయని మీ చెల్లెలికి చెప్పారా?

సఖినేటిపల్లి దగ్గర పల్లె నుంచి ఓ రైతు రాశారు. వాళ్లమ్మగారికి 78 ఏళ్లు. రెండేళ్ల క్రితం డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అన్నారు డాక్టర్లు. పగలు బాగానే ఉంటారట. దీపాలు పెట్టే వేళకి మొదలు: "పంటెల్లిపోద్దిరా, నన్ను నర్సాపురం దింపేయండ్రా" అంటూ గేటు దగ్గరకి పరుగు. ఆవిడ పుట్టిల్లు గోదావరికి అవతలొడ్డున, ఏరు దాటించే పెద్ద పడవే పంటు. కోడలు అడ్డుపడితే "నా గాజులు కాజేసిన దొంగ" అని వీధంతా వినపడేలా తిట్లు. సంక్రాంతికి వచ్చిన కూతురు అది నమ్మి, వదినని నిలదీసి వెళ్లింది. ఈయన అడిగేది ఒక్కటే: సాయంత్రం నాలుగింటికే నిద్రమాత్ర వేసేస్తే పాపమా?

బాబూ, పాపం సంగతి పక్కన పెట్టండి. డాక్టరు రాయని మాత్ర వేయకండి. ఆ మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది, అయోమయం ఇంకా పెరుగుతుంది. మీ ప్రశ్నకి ఇంతే జవాబు.

నాకు కోపం తెప్పించింది వేరే. నాలుగు పేజీల ఉత్తరంలో మీ భార్య గురించి ఉన్నది ఒక్క ముక్క: "మా ఆవిడే చూసుకుంటుందండి." మీరేమో అరుపులు వినలేక సెంటర్లో కూర్చుని రాత్రి తొమ్మిదింటికి ఇంటికొస్తున్నారు. గాజులు బియ్యం డబ్బాలో దొరికాయని మీరే రాశారు. ఆ మాట చెల్లెలికి చెప్పినట్టు ఎక్కడా లేదు. ఒళ్లు కడిగి, అన్నం తినిపించి, దొంగ అనిపించుకుంటున్న మనిషి పక్షాన మొగుడు నోరు విప్పకపోతే ఇంకెవరు విప్పుతారు?

అమ్మ కావాలని అనడం లేదు. దాచింది తానే, దాచిన జ్ఞాపకం పోయింది. వస్తువు కనపడదు, కనుక ఎవరో తీశారు. రోజంతా ఎదురుగా ఉండేది కోడలే కాబట్టి నింద ఆవిడ మీదే పడుతుంది. పొద్దు వాలేసరికి అలసట, వెలుతురు తగ్గి గోడల మీద నీడలు, రాత్రీ పగలూ తేడా చెప్పే లోపలి గడియారం తప్పడం, అన్నీ కలిసి భయమవుతాయి. భయమేసిన మనిషి ఇంటికెళ్తానంటుంది. "ఇదే నీ ఇల్లు" అని వాదించకండి. "మీ నాన్న ఎప్పుడో పోయాడు" అని అసలే అనొద్దు, ఆవిడకది ఇప్పుడే విన్న చావు కబురవుతుంది. "ఇవాళ్టికి పంటు కట్టేశారమ్మా, పొద్దున్నే వెళ్దాం" అనండి. నర్సాపురం కబుర్లు చెప్పించండి.

నాలుగున్నరకి మీరే చెయ్యి పట్టుకుని రేవు దాకా నడిపించి తీసుకురండి. చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేసేయండి. మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోనివ్వకండి, ఆ తర్వాత కాఫీ టీలు వద్దు. పక్కనే కాలువ ఉందన్నారు: గేటుకి ఆవిడ చెయ్యి అందని గడియ, రవికెకి మీ ఫోన్ నంబరు కుట్టిన గుడ్డముక్క ఈ వారమే అయిపోవాలి. ఉన్నట్టుండి గొడవ ముదిరితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి ఉన్నాయేమో చూపించండి. పెద్దవాళ్లలో జ్వరం లేకుండానే అవి మతి తప్పిస్తాయి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీకే మనసు చెదిరిన రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇవన్నీ మీ భార్యకి చదివి వినిపించి మళ్లీ సెంటర్‌కి పోతానంటే నేను ఒప్పుకోను. కన్నతల్లి సేవ కొడుకు బాధ్యత, కోడలు చేస్తున్నది సాయం. ఆవిడని ఓ వారం పుట్టింటికి పంపండి. ఆ ఏడు సాయంత్రాలూ అమ్మ దగ్గర మీరుండండి.

పంపే ముందు ఆవిడ ఎదురుగానే చెల్లెలికి ఫోన్ కలపండి. క్షేమ సమాచారాలు తర్వాత. మొదట గాజులు ఎక్కడ దొరికాయో చెప్పండి. ఆనక ఫోన్ వదినకిమ్మని చెల్లెలే అడిగేదాకా ఆగండి.