బైక్‌పై వెళ్తుంటే వేళ్లు తెల్లగా పాలిపోతున్నాయి.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉపాధ్యాయుడిని. రోజూ ఉదయాన్నే 35 కిలోమీటర్లు బైక్‌పై బడికి వెళ్తాను. రెండు స్వెట్టర్లు, ఉన్ని గ్లవ్స్ వేసుకున్నా చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయి. బడికి చేరిన కాసేపటికి ఎర్రబడి మంట పుడుతున్నాయి. రెండేళ్లుగా బీపీకి అటెనొలాల్ వాడుతున్నాను. ఇది నరాల జబ్బా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది నరాల కంటే రక్తనాళాలకు సంబంధించిన సమస్యగానే కనిపిస్తోంది. చలి తగిలినప్పుడు గుండె, మెదడు వంటి అవయవాల వేడిని కాపాడుకోవడానికి శరీరం చేతులు, పాదాల్లోని సన్నని రక్తనాళాలను కుదిస్తుంది. కొందరిలో ఈ కుదింపు మరీ ఎక్కువై వేళ్లు పాలిపోతాయి, నీలంగా మారతాయి, రక్తం తిరిగి ప్రవహించేటప్పుడు ఎర్రబడి మండుతాయి. దీన్ని రేనాడ్స్ సమస్య అంటారు.

మీ విషయంలో చలి కంటే గాలిదే పెద్ద పాత్ర. మీ ప్రాంతంలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. 8 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, ఎదురుగాలి వల్ల శరీరానికి అది దాదాపు 2 డిగ్రీల చలిలా అనిపిస్తుంది. గాలి ఎంత వీచినా చర్మం ఆ 8 డిగ్రీల అసలు ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబడదు కాబట్టి, మంచు ప్రదేశాల్లోలా వేళ్లు గడ్డకట్టిపోతాయన్న భయం మీకు అక్కరలేదు. అయితే ఉన్ని అల్లికలోంచి గాలి సులువుగా దూరిపోతుంది. రెండు స్వెట్టర్లు వేసుకున్నా చలి ఆగకపోవడానికి కారణం ఇదే.

అందుకే రెండో స్వెట్టర్ బదులు పైన గాలి చొరబడని జర్కిన్ వేసుకోండి; అది లేకపోతే రెయిన్‌కోట్ అయినా చాలు. పాతకాలం వారు చొక్కా లోపల ఛాతీ మీద వార్తాపత్రిక పెట్టుకుని సైకిల్ తొక్కేవారు, నవ్వుకుంటాం కానీ అది నిజంగానే పనిచేస్తుంది. ఛాతీ, మెడ వెచ్చగా ఉంటే శరీరం వేళ్లకు రక్తాన్ని తగ్గించాల్సిన అవసరం అంతగా ఉండదు కాబట్టి, గ్లవ్స్ మార్చే ముందు ఒంటి సంగతి చూడాలి. మఫ్లర్ కొసలు చక్రంలో పడకుండా జర్కిన్ లోపలికి దోపుకోండి. మందపాటి మంకీ క్యాప్ మీద హెల్మెట్ సరిగా కూర్చోదు, పలుచనిదే వాడాలి.

చేతులకు లోపల పలుచని గ్లవ్స్, వాటి మీద కాస్త వదులుగా ఉండే లెదర్ గ్లవ్స్ మంచివి. బిగుతుగా ఉంటే రక్తప్రసరణ ఇంకా తగ్గుతుంది. హ్యాండిల్‌కు తొడిగే కవర్లు కూడా గాలిని బాగా ఆపుతాయి, కానీ బ్రేక్, క్లచ్ సులువుగా అందుతున్నాయో లేదో బండి కదలకముందే చూసుకోవాలి.

వేళ్లు మొద్దుబారితే బ్రేక్ మీద పట్టు తప్పుతుంది, కాబట్టి బండి ఆపేయండి. చేతులను చంకల్లో పెట్టుకోండి, లేదా గోరువెచ్చని నీటిలో ఉంచండి. ఇంజిన్ మీదో, సైలెన్సర్ మీదో పెట్టి కాచుకోవద్దు. స్పర్శ లేని వేళ్లకు కాలుతున్న సంగతి తెలియదు. దారిలో టీ తాగవచ్చు కానీ దానితోపాటు సిగరెట్ వద్దు, అది రక్తనాళాలను మరింత కుదిస్తుంది. మద్యం వెచ్చగా అనిపించినా ఒంట్లోని వేడిని బయటికి పంపేస్తుంది. బండి నడిపేవారు దాని జోలికే పోకూడదు.

ఇక మీ మందు గురించి. అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లు కొందరిలో చేతులు, కాళ్లు చల్లబడేలా చేస్తాయి. అలాగని మీకు మీరే ఆపేయకండి; ఉన్నట్టుండి మానేస్తే గుండెకు ప్రమాదం. మందు రాసిన డాక్టర్‌కు ఈ విషయం చెబితే, అవసరమైతే నెమ్మదిగా తగ్గించి వేరే బీపీ మందుకు మారుస్తారు. నలభై దాటాక కొత్తగా ఈ లక్షణం మొదలైతే థైరాయిడ్, షుగర్ పరీక్షలతోపాటు కీళ్లవాతానికి సంబంధించిన రక్త పరీక్షలు కూడా చేయించడం మంచిది. ఒక్క చేతికే వస్తున్నా, చర్మం బిగుసుకుపోతున్నా, కీళ్లు నొప్పిగా ఉన్నా తప్పనిసరిగా చెప్పండి. వేలి చివర పుండు పడినా, నల్లబడినా మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.