మ్యున్‌జెన్‌బెర్గ్ పోయింది జూన్‌లోనా, అక్టోబర్‌లోనా?

జర్మన్ కమ్యూనిస్టు నేత, ప్రచురణకర్త విల్లీ మ్యున్‌జెన్‌బెర్గ్ 1940 జూన్‌లో చనిపోయాడని ఒకచోట, అక్టోబర్‌లో అని ఇంకోచోట ఉంది, వ్యాసంలో ఏది వేయాలని అడిగారు కదండీ. జర్మన్ సేనలు దూసుకొస్తుంటే ఫ్రాన్సులోని నిర్బంధ శిబిరం నుంచి జూన్‌లో బయటపడ్డాడు. ఆ తర్వాత జాడ లేదు. అక్టోబర్‌లో అక్కడి సాం మార్సెలాఁ అనే ఊరి దగ్గర అడవిలో శవం దొరికింది, మెడకు తాడుతో. అందుకే ‘జూన్‌లో అదృశ్యం, అక్టోబర్‌లో శవం లభ్యం’ అని రాసేయండి. స్టాలిన్ మనుషులే చంపారని మాత్రం ఖాయంగా రాయకండి. హత్యో ఆత్మహత్యో ఇప్పటికీ తేలలేదు. అప్పటికే కమ్యూనిస్టు పార్టీతో తెగతెంపులయ్యాయి గనక అనుమానం సహజమే అనుకోండి.

అన్నట్టు, ఆయన సచిత్ర వారపత్రిక, రైష్‌టాగ్ (జర్మన్ పార్లమెంటు) సభ్యత్వం రాశారు గానీ 1927 బ్రస్సెల్స్ సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభను వదిలేశారే! నెహ్రూ వెళ్లింది దానికే. ఆ సభలో ఏర్పడిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో మ్యున్‌జెన్‌బెర్గ్‌తో పనిచేసిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ మన హైదరాబాద్‌లో పుట్టినవాడు, సరోజినీ నాయుడి తమ్ముడు.